కాన్పు ఎపిసోడ్

సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం ఏడు గంటలకు, ఇబ్రహీంపట్నంలోని సంపూర్ణమ్మ ఇంట ఒక క్రమం తప్పేది కాదు. ఆమె పొయ్యి ఆర్పి వచ్చి కుర్చీలో కూర్చునేది. తొమ్మిదేళ్ల మనుమరాలు బ్లెస్సీ హోంవర్కు ముందేసుకుని నేలమీద బోర్లా పడుకునేది. కూతురు డయానా మాత్రం గుమ్మంలో నిలబడి చూసేది. టీవీలో వచ్చే ‘ఇద్దరమూ ఒక కుక్కరూ’ ఆమె రాసిన సీరియలే. భర్త వదిలేసి పోయిన స్త్రీ ఒక్కతే కూతురిని పెంచుకుంటూ పడే పాట్లను నవ్విస్తూ చెప్పే కథ అది. ఆ పాట్లన్నీ డయానావే.

“అమ్మా, ఇందులో నేనింత లావుగా ఉన్నానేంటి?” అనేది బ్లెస్సీ.

“నువ్వు తినని ఇడ్లీలన్నీ ఆ పిల్ల తింటోంది మరి.”

నిజంగా జరిగిన సంగతి ఏది ప్రసారమైతే అది ఆ ఇంట్లోంచి వెళ్లిపోయేది. భర్త జాన్సన్ విసిరిన చెంబు గోడకు చేసిన గుంట, ఆ గొడవను చూపించిన మరునాటికి పూడిపోయింది. అతను ఇల్లు విడిచిన ఉదయాన్ని చూపించాక బీరువాలో అతని చొక్కాలు లేవు; డయానా గుండెలో ఆ ఉదయపు బరువూ లేదు. వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు.

“మా అత్తగారిని కూడా ఒక ఎపిసోడ్‌లో పెట్టండి, పుణ్యముంటుంది” అనేది ఎదురింటి రాజ్యశ్రీ.

“మా ఇంటి సంగతైతేనే కదులుతుందండీ. మీ అత్తగారు కదలరు.”

ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం డయానాకు చిన్ననాటి అలవాటు. జరిగింది జరిగినట్టు నలుగురిలో చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని తల్లే నేర్పింది. అయితే ఈమధ్య వెళ్లిపోయేవి కష్టాలొక్కటే కావు. బ్లెస్సీ తొలి అడుగులు ప్రసారమైన మరునాడు, ఆల్బంలో ఆ ఫొటో ఉన్న చోట తెల్లని పేజీ మిగిలింది. సంపూర్ణమ్మ ఆ పేజీని చాలాసేపు వేళ్లతో తడిమి చూసింది.

ఆ వారమే దర్శకుడు దుర్గాశంకర్ విజయవాడ నుంచి ఫోన్ చేశాడు.

“మేడమ్, కాన్పు ఎపిసోడ్ కావాలండి. అది లేకపోతే సీరియల్ ఆపేస్తామంటోంది ఛానెల్.”

“పాప పుట్టుక నేనివ్వలేనండి.”

“అయితే అబద్ధం రాయండి. లోకంలో అందరూ రాసేది అదేగా.”

“మానెయ్యవే. మళ్లీ స్కూల్లో పాఠాలు చెప్పుకుందువు” అంది సంపూర్ణమ్మ.

“అబద్ధమైతే ఏదీ పోదమ్మా. ఒక్క నిజం కూడా రానివ్వను.”

మూడు రోజులు రాసింది. నాటి వానను ఎండ చేసింది. ఆసుపత్రిని రైలుపెట్టె చేసింది. ఆడపిల్లను మగపిల్లాణ్ణి చేసింది. సంపూర్ణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ప్రతి పేజీ వెతికింది. నిజం ఎక్కడా కనబడలేదు.

షూటింగులో చివరి దృశ్యం పండలేదు. పసిబిడ్డను ఎత్తుకున్న నటి నాలుగుసార్లు ఏడ్చి విసిగిపోయింది.

“మేడమ్, ఏడుపు కాదండి, ఇక్కడ ఏదో ఒక మాట ఉండాలి” అన్నాడు దర్శకుడు.

దుర్గాశంకర్ గడియారం చూసుకున్నాడు. డయానా దగ్గర ఒక మాట ఉంది. నర్సు బ్లెస్సీని తన రొమ్ముమీద పడుకోబెట్టిన క్షణాన తాను అన్న మాట. ఎవరికీ చెప్పలేదు, రెండు వందల ఎపిసోడ్లు రాసినా అంతటి మాట మళ్లీ కుదరలేదు. ఇంత అబద్ధంలో ఒక్క మాటేం చేస్తుందిలే అనుకుంది.

“‘నేనే మీ అమ్మని. సర్దుకుపో.’ ఇలా అనండి.”

సెట్టంతా నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది. డయానాకు ఆ సాయంత్రమంతా గర్వంగా ఉంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

శుక్రవారం ఏడు గంటలకు ఆ దృశ్యం వచ్చింది. సంపూర్ణమ్మ నవ్వింది. తరువాత నెమ్మదిగా కూతురి వైపు తిరిగింది.

“ఆ మాట కాగితాల్లో లేదే.”

డయానా కిందికి చూసింది. నేలమీద బ్లెస్సీ ఉంది. వంగి తల నిమిరితే జుట్టు వెచ్చగా తగిలింది. “ఇక్కడే ఉందిగా అమ్మా” అంది.

బ్లెస్సీ ఆ చేతి కిందనుంచి మర్యాదగా తప్పుకుంది. లేచి, ఫ్రాకు సర్దుకుని, సంపూర్ణమ్మ కుర్చీ వెనక్కి వెళ్లింది.

“అమ్మమ్మా, ఈ ఆంటీ ఎవరు?”

సంపూర్ణమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. డయానా నోరు తెరిచింది. చెప్పవలసినదేమిటో తెలుసు, దాన్ని చెప్పే మాట ఇంట్లో లేదు.

ఆమె నిలబడే ఉండటం చూసి బ్లెస్సీ వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకు అలా ఇవ్వాలని డయానాయే నేర్పింది.

“కూర్చోండి ఆంటీ. తాగండి.”

డయానా కూర్చుని, గ్లాసు అందుకుని, నీళ్లన్నీ తాగింది.

“థాంక్స్ అమ్మా.”

“పర్లేదండి” అంది బ్లెస్సీ.