వెయ్యని బాణానికి సున్నా

మా తోడల్లుడు డెల్మర్ యోకమ్ ముప్పయ్యేళ్లుగా కొట్టం వెనక గడ్డికట్ట మీద బాణాలు వేస్తున్నాడు. కట్ట చివికిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చి అదే చోట నిలబెట్టేవాడు. తను నిలబడే చోటూ అదే. సరిగ్గా పద్దెనిమిది గజాలు. అక్కడ గడ్డి మొలవడం ఎప్పుడో మానేసింది. పొద్దున కాఫీ తాగి ఇరవై బాణాలు, సాయంత్రం భోజనానికి ముందు ఇరవై. అన్నీ ఒక పళ్లెమంత చోటులో ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగేవి. విల్లు తనే బోడార్క్ అనే గట్టి చెట్టు కర్రతో చెక్కుకున్నాడు. బాణాలు దేవదారు పుల్లలు, వెనక టర్కీ ఈకలు. చక్రాలూ తీగలూ ఉన్న కొత్తరకం విల్లుల్ని చూస్తే ఆయనకు ఒళ్లు మంట. "అది విల్లు కాదు, కుట్టుమిషను" అంటాడు.

ఆయన కలపమిల్లులో రంపాలకు పళ్లు నూరి నూరి రిటైరైన మనిషి. భార్య ఒపల్ పోయి ఆరేళ్లయింది. ఒపల్ చెల్లెలు నడీన్ నా భార్య. నడీన్ కూడా పాతరకం విల్లే పడుతుంది గానీ ఆవిడ దారి వేరు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా శనివారం వచ్చిందంటే ఏదో ఒక క్లబ్బు పోటీలో ఉంటుంది. అడవిలో కాలిబాట పొడుగునా ఫోమ్‌తో చేసిన జింకల్నీ పందుల్నీ ఎలుగుల్నీ నిలబెడతారు. దూరం ఎంతో ఎవరూ చెప్పరు. మొత్తం ఇరవై జంతువులు, ఒక్కోదానికి ఒక్కటే బాణం. గుండె మీద గీసిన గుండ్రంలో పడితే పది, దాని పక్కన పడితే ఎనిమిది, ఒంట్లో ఇంకెక్కడ తగిలినా అయిదు, తప్పితే సున్నా.

నాకు విల్లు పట్టడం రాదు. కార్డు మీద అంకెలు వేస్తూ వెనక నడుస్తాను, మధ్యాహ్నం క్లబ్బువాళ్లు పెట్టే బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటాను. మా కుటుంబంలో వేటాడేది వాళ్లిద్దరు, తినేది నేను.

బావామరదళ్ల వాదన నా పెళ్లినాటి నుంచీ వింటూనే ఉన్నాను.

"ఆ గడ్డికట్టకి నీ మొహం కంఠతా వచ్చేసింది బావా. నువ్వు వస్తున్నావంటే పాపం అదే ఎదురొచ్చి బాణం తగిలించుకుంటోంది" అనేది నడీన్.

"నీ ఫోమ్ జింకని పులుసు పెట్టుకో పో. నేను కూరకోసం వేస్తాను, కప్పుల కోసం కాదు."

"అందుకే ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నారు."

"నాకు వీధితో ఏం పని పిల్లా? జింకలుండేది అడవిలో. అక్కడ నా వెనక పదిమంది నిలబడి చప్పట్లు కొట్టరు."

ఆ మాటలో నిజం ఉంది కాబట్టి నడీన్ మూతి తిప్పుకుని ఊరుకునేది. మళ్లీ శనివారం మొదలు.

కిందటి నవంబరులో ఈ వాదన ఆగిపోయింది. డెల్మర్ ఒక ఆడజింకను గాయపరిచాడు. మంచె మీంచి వేసిన బాణం పక్కటెముకల వెనక, కడుపులో దిగింది. అది పడిపోలేదు, పరిగెత్తింది. మర్నాడు తెల్లారగానే నన్ను పిలిచాడు. ఆకు మీద చుక్క, రాయి మీద చుక్క వెతుక్కుంటూ మధ్యాహ్నం దాకా తిరిగాం. లిక్ వాగు దగ్గర నెత్తురు జాడ ఆగిపోయింది. రెండు గట్లూ గాలించాం. ఆయన మోకాళ్ల మీద పాకాడు. మూడోరోజు కూడా ఒక్కడే వెళ్లాడని తర్వాత తెలిసింది. జింక దొరకలేదు. ఆ ఏడు ఆయన మళ్లీ మంచె ఎక్కలేదు.

శీతాకాలం అంతా రోజుకి నలభై కాదు, ఎనభై బాణాలు వేశాడు. వేళ్లు పగిలి టేపు చుట్టుకున్నాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి కట్ట ముందు నిలబడి బాణాల గుత్తికేసి చూస్తున్నాడు.

"ఒక్కటీ తప్పడం లేదు రాయ్స్. చూడు. కట్టకి తప్పని బాణం దానికెందుకు తప్పింది?"

 విల్లు పట్టని నాకేం తెలుస్తుంది?

ఏప్రిల్లో మొదటి పోటీనాడు మేం బండి తీసేసరికి ఆయన మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. భుజాన విల్లు, వీపున అమ్ములపొది.

"చోటుందా?" అన్నాడు.

నడీన్ నోరు తెరిచింది. నేను ఆవిడ కాలు తొక్కాను. నోరు మూసుకుంది.

నలుగురేసి ఒక జట్టుగా వెళ్లాలి. డెల్మర్, నడీన్, లెక్క రాయడానికి నేను, నాలుగో మనిషిగా విల్మా హాగ్ అనే పెద్దావిడ కలిసింది. డెబ్భై నాలుగేళ్లు. ముప్పయ్యేళ్లపాటు కొండదారుల్లో బండి మీద ఉత్తరాలు పంచిందట. చేతికర్రంత తేలిక విల్లు, తలమీద అల్లిన టోపీ, మాటలు తక్కువ.

మొదటిది ఎలుగు. పదిహేను గజాలు కూడా ఉండదు. మా వెనక ఇంకో జట్టు వచ్చి నిలబడింది. డెల్మర్ విల్లెత్తాడు. బాణం ఎలుగు వీపు మీదుగా వెళ్లి రాతికి తగిలి ఠప్పుమని విరిగింది. వెనకవాళ్లలో ఒకడు "పాపం, మంచి బాణం" అన్నాడు. ఎగతాళికి అన్నది కాదు, కానీ డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి.

రెండోది టర్కీ. దాని కాళ్ల ముందు మట్టిలో దిగింది. మూడోది పంది, పిర్ర మీద తగిలింది, అయిదు. తర్వాత మళ్లీ సున్నా. ఇన్నేళ్లుగా ఈ రోజు కోసం ఎగతాళి మాటలు కూడబెట్టుకున్న నడీన్ ఒక్కటీ వాడలేదు. ఆవిడ ఊరుకుందంటేనే నాకు భయం వేసింది. పదో జంతువు అయ్యేసరికి డెల్మర్‌వి ముప్పై ఒకటి. నడీన్‌వి ఎనభై నాలుగు.

భోజనాల దగ్గర ఆయన రొట్టె తుంపి తుంపి పళ్లెంలోనే వదిలేస్తున్నాడు. విల్మా ఎదురుగా కూర్చుంది.

"నాకొకటి కనిపించింది నాయనా. చెప్పమంటే చెబుతాను, వద్దంటే మానేస్తాను."

"చెప్పండమ్మా."

"వింటితాడు నీ పెదవి మూలకి రావాలి. రావడం లేదు. రెండంగుళాలుండగానే వేళ్లు వదిలేస్తున్నాయి."

"నేనా? ముప్పయ్యేళ్లుగా వేస్తున్నానండీ."

"ముప్పయ్యేళ్లుగా ఎవరు చూశారు?"

డెల్మర్ రొట్టె ఇంకో ముక్క తుంపాడు.

"నీ ఇంటి దగ్గర సరిగ్గానే లాగుతావనుకుంటా," అంది విల్మా. "అక్కడ గుండె అదరదు. అదిరినప్పుడు వేళ్లు నీ మాట వినవు. నాకూ ఉండేది ఈ రోగం, పదేళ్లు. ఒకసారి ఉత్తరాల బండిలో కూర్చుని ఏడ్చాను కూడా. మా ఆయన చూసి చెప్పేదాకా నాకే తెలీదు. చేసేవాడికి తెలియదు, చూసేవాడికి తెలుస్తుంది."

ఆయన చేతిలో రొట్టె కింద పెట్టేశాడు. అప్పుడు ఆ కొత్త మనిషికి, మా ఇద్దరి ఎదుట, నవంబరు జింక సంగతి మొత్తం చెప్పాడు. వాగు గట్టు దాకా. నడీన్‌కి ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. విల్మా అయ్యో అనలేదు. అంతా విని, "అదీ అంతే అయుంటుంది, తొందరపడి ఉంటావు" అంది. ఆ మాటకి ఆయన ముఖంలో నాకు కనిపించింది బాధ కాదు. తాళంచెవి దొరికినవాడి ముఖంలా ఉంది.

మధ్యాహ్నం మళ్లీ నడక మొదలైంది. డెల్మర్ ప్రతిసారీ తాడు మూతికి తగిలిందా లేదా అని తంటాలు పడ్డాడు. కొన్నిసార్లు తగిలింది. ఒక ఎనిమిది పడింది.

పద్నాలుగోది జింక. లోయ కిందుగా, పాతిక గజాల దూరంలో, దాని ఛాతీకి అడ్డంగా ఒక కొమ్మ. క్లబ్బువాళ్లు కావాలనే అలా పెట్టారు. డెల్మర్ బాణం వేసే చోటుకి గుర్తుగా పాతిన గూటం దగ్గర నిలబడ్డాడు, విల్లెత్తాడు, సగం లాగాడు, దించేశాడు.

"సున్నా వేసుకో రాయ్స్."

"ఏమైంది బావా? చెయ్యి నొప్పా?" అంది నడీన్.

"అడవిలో ఇలా కనిపిస్తే నేను వెయ్యను."

"ఇది ఫోమ్ బావా. దీనికి నెత్తురు రాదు."

"దీనికి రాదులే. నా వేళ్లకి ఫోమేదో నిజమేదో తెలియాలిగా? ఇప్పుడు వెయ్యడం అలవాటైతే అప్పుడూ వదిలేస్తాయి."

"ఆట అన్నాక ఆడాలి. లేకపోతే ఎందుకొచ్చినట్టు?"

"సరిగ్గా లాగడం నేర్చుకోడానికొచ్చా. ఇలాంటిది వెయ్యడం నేర్చుకోడానికి కాదు."

నడీన్ మూతి తిప్పుకుని గూటం దగ్గరికెళ్లి లాగి వదిలింది. బాణం కొమ్మకు రాసుకుని పక్కకి వంగి జింక కడుపులో దిగింది. అయిదు. నేను అయిదు వేశాను. అందరి వంతూ అయ్యాక ఆవిడ బాణం పీకడానికి కిందికి వెళ్లి, అది దిగిన చోటుకేసి చూస్తూ కాసేపు అక్కడే నిలబడింది.  విల్మాకి మాత్రం ఎనిమిది పడింది. ఆవిడ తేలిక బాణం ఏ సందులోంచి దూరిందో దేవుడికే తెలియాలి.

చివరికి డెల్మర్‌వి రెండువందలకి డెబ్భై తొమ్మిది. కింద నుంచి రెండో స్థానం. ఆయన కింద ఉన్నాయన కళ్లజోడు బండిలో మర్చిపోయి వచ్చాడు.

ఇంటికొచ్చే దారిలో నడీన్ ఆపుకోలేకపోయింది. "కళ్లజోడు తెచ్చుకుని ఉంటే నీ గతేమయ్యేది బావా?"

"అందుకే నేనే దాచేశా," అన్నాడు డెల్మర్. కొన్ని నెలల తర్వాత ఆయన నోట హాస్యం వినడం అదే.

విల్మా చెప్పిన చికిత్స చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది. గడ్డికట్టకి మూడడుగుల దూరంలో నిలబడాలి. కళ్లు మూసుకోవాలి. తాడు లాగి పెదవి మూలకి ఆనించి, అయిదు లెక్కపెట్టి, వదలకుండా దించెయ్యాలి. పదిసార్లు దించితే ఒక్కసారి వదలొచ్చు. నెలరోజులు. ముప్పయ్యేళ్ల విలుకాడు అలా కళ్లు మూసుకుని కట్ట ముందు నిలబడితే, ప్రార్థన చేస్తున్నాడేమోనని పోస్టు తెచ్చిన మనిషి టోపీ తీసి ఆగాడట. ఈ పని పదిమందిలో చేసేది కాదు. నేను వెళ్లినా "తర్వాత రా" అనేవాడు.

జూన్‌లో మళ్లీ పోటీకి వచ్చాడు, జూలైలో, ఆగస్టులో. తొంభై ఎనిమిది, నూట పదిహేడు, నూట ఇరవై తొమ్మిది. ప్రతిచోటా ఒకటో రెండో జంతువుల ముందు విల్లు దించేసి సున్నా వేయించుకునేవాడు. మా క్లబ్బులో కొందరికి అది చిరాకు. ఆయన వెనక తొందరపడుతూ గొణిగేవాళ్లు. ఆ గొణుగుడు మధ్య తాడు మూతికి తగిలేదాకా ఆగడమే తనకి కావలసిన పరీక్ష అనేవాడు డెల్మర్. పోటీలన్నీ అయ్యాక నడీన్‌కి కప్పు వచ్చింది. ఆయన ఆ కప్పులో స్క్రూలు పోసుకుంటానని అడిగాడు. ఇవ్వలేదు.

అక్టోబరు రెండో వారంలో మంచె ఎక్కాడు. మొదటి సాయంత్రం మంచి కొమ్ముల మగజింక ఇరవై రెండు గజాల్లో పొదల వెనక నిలబడిందట. విల్లెత్తలేదు. రెండోరోజు ఏమీ రాలేదు. మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి నాకు ఫోన్ చేశాడు.

"తాడు పట్టుకుని రా." అంతే అన్నాడు. 

ఏం విషయమో తెలియకుండానే తాడు బండిలో వేసుకుని వెళ్లాను. ఓక్ చెట్ల కింద ఆకుల్లో ఒక ఆడజింక పడి ఉంది. ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాని మెడ మీద చెయ్యి వేసి.

"పదకొండు గజాలు రాయ్స్. లాగాను. తాడు మూతికి తగిలింది. ఒకటి, రెండు లెక్కపెట్టుకున్నా. అప్పుడు వదిలా. అది నలభై అడుగులు కూడా వెళ్లలేదు." దాని మెడ నిమురుతూ, "మంచె మీద అరగంట కూర్చుండిపోయా. తర్వాతే దిగా" అన్నాడు.

ఇద్దరం కలిసి జింకకి తాడు కట్టి బండి దాకా లాగాం. దారిలో నాలుగుసార్లు ఆగాం, ఆయన కోసం కాదు, నా నడుం కోసం.

ఆ సాయంత్రం మా ఇంట్లో వంట. లేత మాంసం ముక్కలు పిండిలో దొర్లించి పెనం మీద వేయించి, పక్కన గ్రేవీ, మెత్తని బన్నుల్లాంటి వేడి బిస్కెట్లు. డెల్మర్ స్వయంగా ఫోన్ చేసి విల్మాని పిలిచాడు. ఆవిడ కొండ అవతలి నుంచి తన పాత బండేసుకుని, పెకాన్ పప్పులతో కాల్చిన 'పై' అనే తీపిరొట్టె పట్టుకుని వచ్చింది.

"పదకొండు గజాలా?" అంది నడీన్ వడ్డిస్తూ. "పదకొండు గజాల్లో నేను చెప్పు విసిరి కొడతాను."

"కొట్టు. చెప్పుతో కొట్టిన జింకని నేనెప్పుడూ తినలేదు" అన్నాడు డెల్మర్, పళ్లెం ముందుకి తోస్తూ.

విల్మా మూడోసారి వడ్డించుకుని, మూతి తుడుచుకుని అడిగింది.

"గుండె ఏం చేశావు నాయనా? పారెయ్యలేదు కదా? నాకిస్తే వెనిగర్‌లో ఊరగాయ పెట్టుకుంటా."

"ఉంచానమ్మా. కానీ మధ్యలో చిల్లుంది."

"ఉండనీ," అంది విల్మా, బిస్కెట్‌తో గ్రేవీ తుడుచుకుంటూ. "ఉప్పు బాగా పడుతుంది."