చక్రాలు జారేదాకా

స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పట్టాలు తుడిచి, ఆయన నల్ల ఇంజనును వాటి మీద నిలబెట్టాడు. అరచేతిలో ఇమిడేంత ఇంజను. దాని వెనక కొక్కేన్ని స్ప్రింగు త్రాసుకు తగిలించి, కరెంటు నాబును మెల్లగా తిప్పాడు. ఇంజను ముందుకు గుంజింది. త్రాసు ముల్లు జరిగి జరిగి ఒకచోట ఆగి వణికింది. ఆ వెంటనే చక్రాలు పట్టుతప్పి ఉన్నచోటే గిర్రున తిరిగాయి. అవి జారకముందు ముల్లు ఎక్కడ నిలిచిందో అదే ఇంజను బలం. అది ఎన్ని పెట్టెలు లాగుతుందో అట్టడబ్బా మీద అచ్చువేసేది దాన్ని బట్టే.

బొమ్మరైళ్లు చేసే ఆ కార్ఖానాలో, మీసాలు నెరిసేదాకా ఆయన చేసిన పని ఇదే. అందరూ 'తూకం బాబాయ్' అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. ముల్లు వైపు వాలి వాలి ఎడమ భుజం కాస్త కుంగిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అక్క ఉందిగా" అనేవాడు, అదే జవాబైనట్టు.

ఆ అక్కకే ఇవాళ పెళ్లి.

వీధి చివర కళ్లజోళ్ల దుకాణం మాస్టారికి భార్య పోయి చాలాకాలమైంది. అద్దాలు మార్పించుకోవడానికి వెళ్లిన అక్క, అద్దాలు బాగానే ఉన్నా మళ్లీ మళ్లీ వెళ్లింది. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచడంలో పడి తన సంగతే మరిచిన మనిషి, అరవై దగ్గరపడుతుండగా ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ చెప్పింది. మాస్టారు దుకాణం ఎత్తేసి సముద్రం ఒడ్డున ఉన్న సొంతూరికి వెళ్లిపోతున్నారనీ, తనూ వెళ్తాననీ. ఆయన "మంచిది" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఆ మాటే రాలేదు.

మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. సాక్షి ఆయనే.

కార్ఖానా యజమానురాలు తలుపులోంచి తొంగిచూసింది. "బాబాయ్, ఇంకా బయల్దేరలేదా?"

"ఈ ఒక్కటి చూసి వెళ్తానమ్మా."

ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొకటి తీశాడు. బరువు చాలడం లేదని దాని పొట్టలో సీసం ముక్క అతికించాడు. పట్టు పెరిగింది గానీ మోటారు వేడెక్కింది. ముక్క ఊడదీసి, కాస్త కోసి, మళ్లీ అతికించాడు. రేపు చేసినా కొంప మునిగే పని కాదని ఆయనకూ తెలుసు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క. ఇస్త్రీ మడతలు నలగని కొత్త బట్టల్లో, ఆయాసపడుతూ వచ్చి స్టూలు మీద కూలబడింది.

"అక్కడ మాస్టారు కలం పట్టుకుని కూర్చున్నారు. నువ్వేమో ఇక్కడ బొమ్మలాట ఆడుకుంటున్నావు."

ఆయన ముల్లు వైపు ఇంకాస్త వాలాడు.

"ఇష్టం లేకపోతే చెప్పరా. ఇప్పుడైనా చెప్పు, మానేస్తాను."

ఉత్తినే అన్న మాట కాదు. నిజంగానే మానేస్తుంది. ఆ తర్వాత ఒక్కనాడు కూడా దెప్పిపొడవదు. ఆయన కరెంటు ఆపాడు. వేళ్లకంటిన గ్రీజును ఒక్కో వేలే తుడుచుకున్నాడు.

"మానేస్తే, మళ్లీ రోజూ అద్దాలు మార్పించుకోవాలి నువ్వు," అన్నాడు.

అక్క నవ్వబోయి, చేత్తో నోరు మూసుకుంది. "ముందు మొహం కడుక్కో. నిన్ను చూస్తే బొగ్గుల కొట్లోంచి సాక్షిని పట్టుకొచ్చాననుకుంటారు."

సంతకాలు ఇట్టే అయిపోయాయి. సాయంత్రం బస్టాండులో మాస్టారు సంచులు పైకెక్కించి దిగొచ్చి, ఏం మాట్లాడాలో తోచక జేబులు తడుముకుంటూ నిలబడ్డారు. తూకం బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అక్కకు చలిగాలి పడదు, బావా. కిటికీ పక్కన కూర్చోబెట్టకండి."

బావా అన్న పిలుపుకు మాస్టారు ఒక్క క్షణం తడబడి, తల ఊపి బస్సెక్కారు. అప్పటికే కిటికీ పక్కన కూర్చున్న అక్క మొహం అటు తిప్పుకుంది. బస్సు కదిలింది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. దండెం సగం ఖాళీ. కుర్చీ వీపు మీద ఆయన చొక్కా వేసి ఉంది. ఊడిన గుండీలన్నీ అక్క కుట్టేసింది. చివరి గుండీ దగ్గర మాత్రం దారం తెంపలేదు. సూది ఇంకా దానికే వేలాడుతోంది.