పన్నెండు కిలోల చూపు

సోమవారం నుంచి వకుళగారి శక్తి, కెమెరా ఆపినా ఆగడం లేదు.

మా సినిమాలో ఆవిడ చూపుతో వస్తువులను పైకి లేపే రిటైర్డ్ నర్సు. పన్నెండు కిలోలకు మించి లేపడం ఆమె వల్ల కాదు. రెప్ప వేస్తే లేచింది పడిపోతుంది. స్క్రిప్టులో ఈ రెండు నియమాలూ రాసింది నేనే. ఇప్పుడు టిఫిన్ వేళ ఆవిడ ఇడ్లీ ప్లేటును చూపుతోనే తన దగ్గరికి రప్పించుకుంటారు. గ్యాస్ సిలిండర్ మాత్రం కదలదు. ఖాళీదైనా కదలదు.

దర్శకుడు ఫణీంద్ర ఆవిడకు క్లైమాక్స్ వివరిస్తున్నాడు. "లారీ లేపాలండీ. ప్రేక్షకులు కిలోలు చూడరు."

"నేను చూస్తాను బాబూ," అంటారు వకుళగారు. "మొదట్లో నీళ్ల బిందె లేపలేక చెమటలు పట్టిన మనిషి, ఆఖర్న లారీ లేపేస్తే ఆ చెమట అబద్ధమైపోదూ?"

పొద్దుటి నుంచి షూటింగ్ ఫ్లోర్ పైకప్పు ఎత్తు పెరుగుతోంది. పదకొండింటికి నిచ్చెనలు అందడం లేదు. కాసేపటికి, పైన లైట్లు కట్టే సైదులు కాళ్ల కింది చెక్క జారిపోతుంది. అతను ఇనుప గొట్టం పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఎంత బరువుంటావయ్యా?" అని అడుగుతారు వకుళగారు.

"అరవై నాలుగమ్మా. చేతులు గుంజుతున్నయ్."

నేను స్క్రిప్టు తెరుస్తాను. పన్నెండు కొట్టేసి డెబ్బై రాస్తే చాలు. ఆవిడ నా చేయి పట్టుకుంటారు.

"వద్దమ్మా. ఇవాళ నువ్వు డెబ్బై రాస్తే, రేపు ఇంకెవరో సున్నా రాస్తారు. అతని మీంచి యాభై రెండు కిలోలు దించితే సరిపోతుంది కదా."

ఆవిడ పైకి చూస్తారు. ముందు సైదులు బూట్లు దిగుతాయి. తర్వాత స్పానర్ల బెల్టు. తర్వాత నీడ. అది నాలుగు కిలోలుంది. నేనే అందుకుని, మడిచి కుర్చీలో పెడతాను. దగ్గు దిగుతుంది. ఇరవై ఏళ్లుగా పోని నిద్ర, తడి బొంతలా దిగుతుంది. చివర్న అన్నతో పడిన తగవు వస్తుంది. సరిగ్గా పన్నెండు కిలోలు. ఆవిడ మెడ నరాలు ఉబ్బుతాయి. ఫణీంద్ర దాన్ని రెండు చేతులా అందుకుని, మోయలేక కూలబడతాడు.

"ఇప్పుడు వదిలెయ్," అంటారు ఆవిడ.

"వదలాల్నా?"

"పన్నెండే ఉన్నావు. నన్ను నమ్ము."

సైదులు వదిలేస్తాడు. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, రెప్ప మాత్రం పడదు. అతను దండెం మీంచి తీసిన చొక్కాలా మెల్లగా దిగి మా మధ్య నిలబడతాడు. ఇంత అందమైన హద్దును నేనెప్పుడూ చూడలేదు.

ఫణీంద్ర లారీ సీను పేజీ చింపి జేబులో పెట్టుకుంటాడు.

సైదులు తనవన్నీ ఒక్కొక్కటిగా తొడుక్కుంటాడు. తగవు దగ్గర ఆగుతాడు. "ఇది మల్ల ఎత్తుకోను," అంటాడు. ఫోన్ తీసి అన్నకు చేస్తాడు. "అన్నా, తిన్నవా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. తర్వాత నవ్వుతాడు.

మేం భోజనానికి తలుపు తీస్తాం. బయట ఎండలో, తమ బరువులూ దించుకోవాలని వరస కట్టి ఉన్నారు: మేకప్ వాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. అందరి వెనకా స్టూడియో పక్కనుండే గుట్ట, చెప్పులు విడిచి, తుమ్మచెట్లను చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

దాని వంతు వస్తుంది. "నీ బరువెంత?" అని అడుగుతారు వకుళగారు. గుట్టకు తెలియదు.

"పర్లేదు. పన్నెండేసి చొప్పున దించుకుందాం. కూర్చో."

గుట్ట కూర్చుంటుంది. మొదటి పన్నెండు కిలోలు నా ఒళ్లోకి దిగుతాయి. రాయి కాదు. వెచ్చగా ఉంది, పసిపాపలా కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తోంది.