మోకాలి మీటలు

ఆ వీధిలో అందరూ ఆమెను లేత్ అక్క అనేవాళ్లు. తండ్రి మంచాన పడ్డప్పటి నుంచీ, ఆయన పోయాక కూడా, లేత్ వర్క్‌షాపును ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. మోటారు ఇరుసైనా, కుట్టుమిషను చక్రమైనా ఆమె చేతిలో పడితే దారికి రావాల్సిందే.

ఒక మధ్యాహ్నం తమ్ముడు తన పెడల్ స్టీల్ గిటారును వ్యానులోంచి దింపించాడు. అది భుజాన తగిలించుకునే గిటారు కాదు. నాలుగు కాళ్ల మీద చిన్న బల్లలా నిలబడుతుంది. వాయించేవాడు దాని ముందు కూర్చుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, ఎడమ పాదంతో కింద పెడల్స్ తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా తీగ బిగిసి స్వరం పైకి పాకుతుంది. తమ్ముడికంటే పదేళ్లు పెద్దది ఆ వాయిద్యం. మూడు పెడల్స్ తప్ప దానికి మరో హంగు లేదు.

"దీనికి మోకాలి మీటలు పెట్టాలక్కా. మోకాలితో పక్కకి తోస్తే పెడల్ చేసే పని అది చెయ్యాలి."

"ఇరవై ఏళ్లు లేనిది ఇప్పుడెందుకురా? పాత చెక్క. చిల్లు పెట్టాక వద్దనుకుంటే కుదరదు."

"కొత్త పాటలకి కావాలి."

"కుంటిసాకులు చెప్పకు," అంది నవ్వుతూ.

తమ్ముడు నవ్వలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బల్ల మీద దుప్పటి పరిచి గిటారును బోర్లించింది. పెడల్స్ మధ్యభాగం ఇరవై ఏళ్ల తొక్కుడుకి నున్నగా మెరుస్తోంది. అంచుల్లో మాత్రం కొత్త గీతలు. పక్కనున్న ఇనుప కాలి మీద కూడా బూటు నల్లమరకలు. పాదం పెడల్‌ను వెతుక్కుంటూ తప్పిపోయిన గుర్తులవి. గుడ్డతో తుడిచింది. గీతలు పోలేదు.

తండ్రికి మొదట ఎడమకాలి చెప్పు జారిపోయేది. వెనక్కి వెళ్లి తొడుక్కుంటుంటే చిన్నప్పుడు వీళ్లిద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆ తర్వాత మోకాలు. ఆ తర్వాత చేతులు.

మూడు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఇత్తడి మీటలు కోసి, అరగదీసి, సన్నటి కడ్డీలతో తీగల కొసలకు కలిపింది. నాలుగో రోజు తమ్ముణ్ణి గిటారు ముందు కూర్చోబెట్టి, స్క్రూడ్రైవరుతో కింద వెల్లకిలా పడుకుంది.

"కుడి మోకాలు కుడికి తోయ్."

మోకాలు కదిలింది. తీగ సన్నగా మూలిగి స్వరం మారింది.

"ఇప్పుడు ఎడమ మోకాలు ఎడమకి."

ఏమీ కాలేదు. తొడ మీద ప్యాంటు గుడ్డ వణుకుతోంది. చాలాసేపటికి మోకాలు మీటను తాకి అక్కడే ఆగిపోయింది.

"స్ప్రింగ్ గట్టిగా ఉందక్కా. కాస్త వదులు చెయ్."

వదులు చేసింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చేసింది. చివరికి చిటికెనవేలితో తోసినా మీట ఒరిగిపోతోంది.

"ఇంకా వదులు చేస్తే తుమ్మితే ఊడే ముక్కే," అంది. "డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

పైన ఉక్కు కడ్డీ పక్కన పెట్టిన చప్పుడైంది.

"రెండుసార్లు. నాన్నకొచ్చిన జబ్బే అన్నాడు."

"నీ పెళ్లానికి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పకు."

ఆమె కింద నుంచి లేవలేదు. తమ్ముడి ఎడమ మడమను అరచేత్తో పట్టుకుంది. చల్లగా ఉంది. కాసేపటికి ఎడమ మోకాలి మీటను ఊడదీసి, ఆ పని కుడి మోకాలికి మార్చింది. పాత చెక్కకు మరో నాలుగు చిల్లులు పడ్డాయి.

పదిహేను రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, కచేరీ హాల్లో ముందు వరసలో కూర్చుంది. జనమంతా తమ్ముడి చేతుల్ని చూశారు. ఆమె మాత్రం గిటారు కిందే చూసింది. ఎడమకాలు నేలమీద కదలకుండా ఉంది. కుడి మోకాలు అటూ ఇటూ ఒరుగుతుంటే తీగలు కిందికి జారి, పైకి లేచి, మనిషి గొంతులా సాగాయి. ఇంత బాగా వాడెప్పుడూ వాయించలేదనిపించింది. అలా అనిపించినందుకే ఆమెకు భయమేసింది.

చప్పట్లయ్యాక వేదిక మీది మిగతా వాద్యగాళ్లు లేచి దణ్ణాలు పెట్టారు. తమ్ముడు కూర్చునే పెట్టాడు. హాలు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. ఆమె దగ్గరికి వెళ్లి చంక కింద చెయ్యి వేసింది.

"అక్కా, మోచేతికి మీట పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"చేతులకి ఇంకా టైముందన్నాడు డాక్టరు."

"అలాగే," అంది. లేపబోయిన చెయ్యి తీసి, వాడి మోచేతి నుంచి గిటారు అంచు దాకా జానలతో కొలిచింది. ఒకటిన్నర జాన వచ్చింది. తప్పు కొలిచానేమోనని మళ్లీ కొలిచింది.