పిడికెడు తీసినవాళ్ళు

కడగబోయే ముందు బియ్యంలోంచి చర్చి కానుకకని ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న రేకు డబ్బాలో వేశాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి రోజూ చేస్తున్న పనే. వాకిట్లో పళ్ళు తోముకుంటున్న మా ఆయన జయరావు నోట్లోంచి వేపపుల్ల తీసి నవ్వాడు.

"ఇంకా ఎవరికే ఆ పిడికెడు? ఈ ఆదివారంతో గుడికి తాళం పడుతుందిగా."

నేను చెయ్యి దులుపుకున్నాను. డబ్బా మూత పెట్టాను.

హైవే వెడల్పు చేస్తారంటూ మా గుడి గోడ మీద ఎర్రరంగు గీత పడి ఆరు నెలలైంది. మళ్ళీ కట్టే ఓపిక మనకి లేదని, పక్క ఊరి సంఘంలో కలిసిపోదామని పెద్దలు తీర్మానం చేశారు. ఆ తీర్మానం జరిగింది మా ఇంటి వరండాలోనే. లోపల టీ వడకట్టుకుంటూ విన్నాను. గ్లాసులు అందిస్తుంటే ఒక్కరూ నా మొహంలోకి చూడలేదు. చక్కెర తక్కువైందని మాత్రం ఒకాయన అన్నాడు.

ఆఖరి ఆదివారం ఏర్పాట్లు కూడా అక్కడే తేలిపోయాయి. గుంటూరు నుంచి పెద్ద పాస్టరు అయ్యగారు వస్తారు. గుడి చరిత్ర జయరావు చదువుతాడు. గోడలోని రాతిపలకను ఊడదీసి కొత్త సంఘానికి తీసుకుపోతారు. "స్త్రీల సమాజం వాళ్ళు గుడి వెనక వంట చూసుకోండి. మూడొందల మంది. తెల్లారేసరికి పొయ్యి వెలగాలి" అన్నాడు మా ఆయన. నేను తలూపాను. అలవాటైన తల.

శుక్రవారం సాయంత్రం కళ్ళంలో అత్తా నేనూ ఎండుమిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నాం. మా ఆయన మంచం మీద కూర్చుని చరిత్ర పైకి చదువుకుంటున్నాడు. మిషను దొరగారు స్థలం చూశారు. ఫలానా ఆయన రాయి తోలించారు. మా మామగారు గుడిగంటను చీరాల నుంచి బండి మీద తెచ్చారు. మొత్తం తొమ్మిది పేర్లు, రాతిపలక మీద ఉన్న తొమ్మిదే.

మా అత్త దీనమ్మకి డెబ్బై అయిదు దాటాయి. తల ఎత్తకుండానే అంది, "గంట మీ మామ తెచ్చాడు సరే. దాన్ని కొన్నది దేంతోనో అడగవే మీ ఆయన్ని."

అడగక్కర్లేదు. అప్పట్లో ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళు పూటకో పిడికెడు తీసి, ఆదివారం బలిపీఠం ముందున్న గంపలో పోసేవాళ్ళు. ఆరేళ్ళు పోశారు. ఆ బియ్యం అమ్మితే వచ్చిన ఇటుక, సున్నం, తలుపులు, గంటే మా గుడి.

"మరి గుడి ప్రతిష్ఠ రోజున నువ్వెక్కడున్నావత్తా?"

"ఎక్కడుంటా? గుడెనక వంకాయలు తరుగుతున్నా. తలుపు తీసేటప్పుడు చూద్దామని లేచానా, మీ మామ ఎదురొచ్చి, 'పప్పు మాడతంది, ఎక్కడికే?' అన్నాడు." అని నవ్వింది. "కూర మట్టుకు బాగా కుదిరిందన్నారులే."

ఆ నవ్వు నన్ను రాత్రంతా వదల్లేదు. బియ్యం కొలిచిన తర్వాతే కదా పిడికెడు తీసేది. మరి ఆ పిడికెడు ఎవరి కంచంలో తగ్గింది? మామగారి కంచంలో తగ్గలేదు. మా ఆయనకి ఏనాడూ మారు వడ్డన తక్కువ కాలేదు. పిల్లలు తిన్నారు. అందరూ లేచాక గిన్నె ముందు కూర్చునేది మేం. అడుగున ఒక పిడికెడు లేకపోతే గంజి తాగి, ఆకలి లేదని పడుకున్నదీ మేమే. యాభై ఏళ్ళ కిందట అత్త తన గుడి తెరుచుకోవడం చూడలేదు. ఎల్లుండి నేను అది మూతపడటం చూడను. అక్కడే కూర్చుని, అవే వంకాయలు తరుగుతాను. కాదు, తరగను.

శనివారం బియ్యంలో రాళ్ళు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళతో చెప్పాను, "రేపు ఆరాధన అయ్యేదాకా పొయ్యి వెలిగించొద్దు. అందరం లోపల కూర్చుందాం. మీ పిడికెడు బియ్యం డబ్బాలు తెచ్చుకోండి."

"మగాళ్ళు తిట్టిపోస్తారొదినా" అంది సువార్త.

"తిడతారు. ఇంత తిన్నాక మర్చిపోతారు. మనకి ఈ గుడి మళ్ళీ కనపడదు."

ఆదివారం అత్త చెయ్యి పట్టుకుని గుడి మెట్లెక్కుతుంటే మా ఆయన ఎదురొచ్చాడు. "పొయ్యి వెలిగించారా?"

"లేదు."

"మతి పోయిందా నీకు? మూడొందల మంది వస్తున్నారు!"

"ఆరాధన అయ్యాక అందరం కలిసి వండుకుందాం. కత్తిపీటలు పది తెచ్చాం. మీకూ సరిపోతాయి."

నేను ఆగలేదు. అత్తతో పైమెట్టు ఎక్కాను. వెనక అయ్యగారు వస్తుండబట్టి ఆయన పళ్ళు నూరి ఊరుకున్నాడు. చాపల మీద ఆడవాళ్ళ వైపంతా ఆ రోజు నిండిపోయింది.

చరిత్ర చదవడం అయిపోయింది. తొమ్మిది పేర్లూ అయ్యాయి. నేను లేచాను.

"అయ్యగారూ, ఇంకొన్ని పేర్లున్నాయి."

మగవాళ్ళ వైపు గొణుగుడు. మా ఆయన కూర్చోమని చేత్తో సైగ చేశాడు. అయ్యగారు నా వైపు తిరిగి, "చెప్పమ్మా" అన్నారు.

అత్తను నడిపించుకెళ్ళాను. ఆమె డబ్బాలో బియ్యం బలిపీఠం ముందు గంపలో పోసింది. "దీనమ్మ" అన్నాను గట్టిగా. సువార్త వచ్చి పోసింది, "మా అమ్మమ్మ రాహేలు" అంది. ఇంకొకామె "శాంతమ్మ" అంది. తల్లుల పేర్లు, అత్తల పేర్లు, ఏ రాయి మీదా లేని పేర్లు. కొన్ని పేర్లు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. ముప్పై అయ్యేసరికి గంప నిండి బియ్యం గచ్చు మీదికి జారింది. ఎవరూ తుడవలేదు.

ఆశీర్వాదం అయ్యాక అందరూ బయటికి నడిచారు. తాళంకప్ప పట్టుకుని మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్త వెళ్ళి అతని చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"తెరిచేటప్పుడు చూళ్ళేదు నాయనా. మూసేది నేను."

రెండు రెక్కలూ దగ్గరికి లాగింది. కిర్రుమన్నాయి. తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తాళం వేసి, తాళంచెవి నా కొంగున ముడేసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఇంక పద జయరావూ, పొయ్యి వెలిగించు. వంకాయలు తరగడం మీ ఆవిడ నేర్పుతుందిలే."