మోకాలి తప్పు కాదు

టైలరమ్మ గుడ్డల తాను పై అరలో పెట్టబోయి స్టూలు మీంచి పడింది. కుడి మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ చేశారు, కట్టు విప్పారు, ఎముక చక్కగా అతుక్కుందన్నారు. కాలు మాత్రం ఆమె మాట వినడం మానేసింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే పాదం పెడలు మీద పడి ఉండేదే తప్ప కదిలేది కాదు.

వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఒక మార్గం చెప్పింది.

"రోజూ కాసేపు సైకిలు తొక్కండి. సీటు మాత్రం ఎత్తుగా ఉండాలి. పెడలు కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు తిన్నగా చాచుకోవాలి. సీటు కిందికి ఉంటే మోకాలి మీద భారం పడుతుంది."

ప్రెస్సులో పనిచేసే భర్త, వెనక గదిలో మూలుగుతున్న తన పాత సైకిలు బయటికి తీశాడు. టైర్లు మార్పించాడు. సీటు కింది గొట్టాన్ని తుప్పు తినేసి ఉంటే, పాత సామాన్లలో దొరికిన ఇంకో గొట్టం దింపాడు. ఆ హుషారులో భార్య మిషను నూనె డబ్బా పట్టుకుని, కదిలేదో కదలనిదో చూసుకోకుండా సైకిలుకి తలంటుపోసినంత పని చేశాడు.

మొదట్లో అంతా బాగానే ఉంది. పొద్దున్నే వీధుల వెంట తొక్కుకుంటూ పార్కు గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేది. పోనుపోను నొప్పి మొదలైంది. బయల్దేరినప్పుడు హాయిగా ఉండే మోకాలు, పార్కు చేరేసరికి సలపడం మొదలుపెట్టేది. ఇంటికొచ్చాక మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. చెప్పినట్టే చేస్తున్నా కాలు పాడవుతోందంటే ఇక బాగుపడదనే కదా అర్థం అనుకుంది. ఆ మాట డాక్టరమ్మ నోట వినే ధైర్యం లేక, రమ్మన్న రోజు వెళ్లలేదు.

ఒక సాయంత్రం భర్త చొక్కాలు మడతపెడుతూ అంది.

"ఏమండీ, మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం. తుడిచీ తుడిచీ విసుగొస్తోంది."

 పక్కగదిలో తల దువ్వుకుంటున్న ఆడపడుచు చిట్టి దువ్వెన ఆపి విన్నది. బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని చేసే చిట్టి వాళ్లతోనే ఉంటుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది, ఆ పూట వదిన కాలు వంకే చూసింది.

మర్నాడు పార్కు గేటు పక్క బస్టాపులో నిలబడి, వదిన రావడం చూసింది చిట్టి. చూసి గట్టిగా కేకేసింది.

"వదినా, ఆగాగు! ఇంటి దగ్గర కొంగలా ఎక్కావు, ఇక్కడికొచ్చేసరికి కప్పలా అయ్యావేంటి?"

టైలరమ్మ మొహం మాడిపోయింది. "నా కాలు చూస్తే నీకు నవ్వులాటగా ఉందా?"

"కాలు సంగతి కాదు తల్లీ! మోకాళ్లు చూసుకో, గడ్డానికి తగిలేలా ఉన్నాయి. సీటు కిందికొచ్చేసింది!"

"సీటెందుకు దిగుతుంది? నేను ముట్టుకోందే?"

చిట్టి ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ సైకిలు చుట్టూ తిరిగి చూశారు. గొట్టం ఎంత ఎత్తుండేదో ఇద్దరికీ కచ్చితంగా తెలియదు. వాదన తెగలేదు.

సాయంత్రం భర్త రాగానే చిట్టి నిలదీసింది. "అన్నయ్యా, సైకిలు సీటు ఎవరైనా ముడుతున్నారా?"

ఆయన నీళ్లు నమిలాడు. "రోజూ పొద్దున్నే నేనే పైకి లాగి బిగిస్తున్నాను."

"మరి నాకు చెప్పరేం?" అంది టైలరమ్మ.

"నువ్వే దించుకుంటున్నావనుకున్నా. కాలు నేలకి అందకపోతే భయమేమోనని... అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

టైలరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తిట్టాలో, పాపం అనాలో తేలలేదు. లోపలికెళ్లి గుడ్డల మీద గీసే సుద్ద తెచ్చి, గొట్టం ఫ్రేములోకి దిగేచోట చుట్టూ గీత గీసింది. మర్నాడు పార్కు దగ్గర దిగి చూస్తే గీత లేదు. గొట్టంతో పాటు లోపలికి జారిపోయింది. ఆమె అక్కడే గట్టు మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. దారినపోయే పెద్దాయన ఒకాయన కంగారుగా వచ్చాడు.

"ఏమ్మా, పడ్డావా? దెబ్బ తగిలిందా?"

"లేదండీ, నా కాలు బాగానే ఉందండీ!" అందామె నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. ఆయనకేమీ అర్థం కాలేదు.

సెలవు రోజు మధ్యాహ్నం ముగ్గురూ సైకిలు చుట్టూ చేరారు. భర్త పానా పట్టి బోల్టుని బలమంతా పెట్టి తిప్పాడు. మొహం ఎర్రబడింది కానీ సీటు మీద చిట్టి కూర్చోగానే మళ్లీ దిగింది.

"నేనంత బరువున్నానా?" అంది చిట్టి.

"నువ్వు కాదులే, గొట్టం చూడు," అంటూ టైలరమ్మ దాన్ని మెలితిప్పి బయటికి లాగింది. వేళ్లన్నీ జిడ్డు. "ఇదిగో, మీ నూనె! జారక ఏం చేస్తుంది?"

గొట్టాన్ని సబ్బునీళ్లతో కడిగి, ఫ్రేము లోపల పాతగుడ్డ దోపి తుడిచి, ఆరబెట్టి మళ్లీ బిగించారు. ఈసారి దిగడం తగ్గింది, ఆగలేదు. టైలరమ్మ వంగి, గొట్టాన్ని పట్టుకునే బిగింపు రింగు చూసింది. దాని రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి. ఇక ఎంత తిప్పినా బిగిసే చోటే లేదు.

"మీరు వేసిన గొట్టం సన్నంగా ఉంది," అంది భర్తతో. "మనిషి చిక్కిపోయి జాకెట్టు వదులైనట్టుంది. హుక్కులు లాగితే ఏం లాభం? లోపల లైనింగు వెయ్యాలి."

"ఇనుముకి లైనింగేంటి వదినా?"

"నువ్వు తాగి పడేసిన కూల్‌డ్రింకు డబ్బా ఉందిగా, పట్రా."

చిట్టి డబ్బాతో పాటు బల్ల మీది పెద్ద కత్తెర కూడా తెచ్చింది. టైలరమ్మ గయ్యిమంది. "అది బట్టల కత్తెర! రేకు కోశావంటే నీ జడ కోస్తాను. వంటింట్లోది తే!"

డబ్బా రేకుని సన్నని పట్టీగా కోసి, అంచులు చేతిని కొయ్యకుండా నలగ్గొట్టి, గొట్టం చుట్టూ ఒక చుట్టు వేసింది. భర్త నెమ్మదిగా లోపలికి దింపాడు. బోల్టు తిప్పుతుంటే ఈసారి చేతికి పట్టు తెలిసింది. రింగు అంచుల మధ్య సందు మిగిలింది. చిట్టి ఎక్కి కూర్చుని, ఎగిరెగిరి కుదిపింది. సీటు ఇంచీ కదల్లేదు.

"అబ్బో, కొలత తప్పలేదు!" అన్నాడు భర్త.

"ఎప్పుడు తప్పిందట?" అంది టైలరమ్మ.

మర్నాడు పార్కు దగ్గర సుద్దగీత పెట్టినచోటే ఉంది. మోకాలు పూర్తిగా మెత్తబడలేదు, పట్టేసినట్టుంది కానీ సలపరం లేదు. ఆ వారమే వెళ్లి డాక్టరమ్మ చేత చీవాట్లు తింది. కాలు వంచి, చాపి చూసి, కండ పడుతోంది, తొక్కడం మానకండి అని పంపిందావిడ. టైలరమ్మ మిషను మీద మొదట దిండు గలీబు ఒకటి కుట్టింది. మధ్యలో ఆగి ఆగి కుట్టినా, కుట్టు వంకర పోలేదు.

ఒకరోజు పార్కు గేటు దగ్గర వెనక్కి తిరగబుద్ధి కాలేదు. తిన్నగా పోనిచ్చింది. పార్కు దాటాక వచ్చే నది వంతెన ఎక్కేటప్పుడు ఊపిరి అందలేదు, తొడలు మండాయి, లారీ ఒకటి హారను కొడుతూ పక్కనించి పోయింది. దిగకుండా తొక్కింది. అవతలి ఒడ్డున ఆగి, రెయిలింగుకి ఆనుకుని చిట్టికి ఫోను చేసింది.

"వంతెన అవతల ఉన్నానే."

"అవతలేం పని వదినా?"

"పనేం లేదు. ఊరికే వచ్చాను," అంది టైలరమ్మ, ఇంకా రొప్పుతూనే.