రాజ్యం చూపుకి కదిలే ఉప్పు

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు రాజ్యం మొగుడి పాదాన్ని వేలితో నొక్కి చూస్తుంది. గుంట పూడకపోతే ఇక ఆ రోజంతా ఇంట్లో అందరి మీదా అనుమానమే. లింగరాజు కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయి. ఉప్పు తగ్గించి వాపు దిగకపోతే వచ్చే నెల రక్తం కడిగే మెషీను ఎక్కించాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు.

ఆవిడ ఉప్పు డబ్బా ఎప్పుడో పారేసింది. అయినా వాపు దిగదు. అంటే చాటుగా ఎవరో పెడుతున్నారు. ఇంకెవరు, కోడలు ఫ్యూ ఫ్యూనే! ఈ దేశం పిల్ల, ఫిలిప్పీన్స్ వంటల హోటల్లో నిప్పుల మీద కోళ్ళు కాలుస్తుంది. ఆ పొగ వాసనతో ఇంట్లో అడుగుపెడితే చాలు, లింగరాజు మంచం మీద లేచి కూర్చుంటాడు.

రాజ్యం చూపు సంగతి వాళ్ళుండే అహ్లోన్ పేటలో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అనుమానంగా చూస్తే వంటకంలోని ఉప్పు పాకుతూ వచ్చి అంచున కూర్చుంటుంది. కళ్ళు తిప్పుకోగానే మళ్ళీ లోపలికి దిగిపోతుంది. బీపీ ఉన్న ఇరుగుపొరుగువాళ్ళు గిన్నెలు తెచ్చి ఎంత ఉప్పుందో చూపించుకుని పోతుంటారు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్యూ ఫ్యూ మామగారి కంచంలో కాల్చిన కోడిముక్క ఒకటి పెట్టింది.

"ఏటిది?" అంది రాజ్యం.

"కోడి, అత్తా. డాక్టర్ని అడిగినాను. చిన్న ముక్క తినొచ్చు అన్నాడు."

"ఈ ఎరుపేటి మరి?"

"ఎర్రరంగు గింజల నూనె. నిమ్మరసం, వెల్లుల్లి, నిమ్మగడ్డి. ఉప్పు లేదు, సోయా సాసు లేదు."

"నీ మాట నానెందుకు నమ్మాల?"

రాజ్యం కళ్ళు చికిలించి చూసింది. ముక్క తిరగేసి మళ్ళీ చూసింది. ఒక్క రవ్వ కదల్లేదు.

లింగరాజు తలొంచుకుని, "బయటేటీ తిన్నేదే రాజ్యం. నువ్వెట్టిందే తింతన్నాను," అన్నాడు.

ఆవిడ కంచం మీంచి చూపు తిప్పింది. పక్కనే తను వండిన పులుసు ఉంది. ఉప్పు మానేసి, చప్పగా తినలేడు పాపమని, ఈ ఊళ్ళో అందరూ వేసే చేపల ముద్ద, నపి, ఇంకో చెంచా ఎక్కువే వేస్తోంది. ఉప్పులో ఊరినదే అయినా ఆవిడ దాన్ని చేప అనుకుందిగానీ ఉప్పు అనుకోలేదు. సొంత వంటని జన్మలో అనుమానించింది లేదు.

ఇప్పుడు అనుమానించింది. గిన్నె అంచు తెల్లబడింది. ఉప్పు పొంగి చాప మీద రాలింది, ఇంకా వస్తూనే ఉంది. నా చేత్తో నేనే చంపుకుంటున్నానా అనుకుంటూ రాజ్యం గిన్నెని దూరంగా నెట్టింది.

"ముందు ఈ గిన్నె పారబొయ్యి," అంది కోడలితో. "ఆయనకి ముక్క నువ్వే ఎట్టు."

తరవాతి నెల డాక్టరు పరీక్షలు చూసి, మెషీను ఇప్పట్లో అక్కర్లేదన్నాడు. "మందులు నేనేం మార్చలేదే. మీరు ఏం మార్చారమ్మా?" అని అడిగాడు.

"వంటమనిషిని," అంది రాజ్యం.